హెక్-హెచ్‌ఎంఎస్ సమీక్ష: వరద లెక్క ఎక్కడ తేలుతుంది?

42 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉన్న ఒక చెరువుకు అలుగు ఎంత పొడవుండాలో తేల్చవలసి వచ్చినప్పుడు, మన ఇంజనీర్లు తరతరాలుగా ముందు వెతుక్కునేది, పరీవాహక విస్తీర్ణాన్ని ఒక గుణకంతో కలిపి వరదను అంచనా వేసే పాత సూత్రాలనే. రైవ్స్ సూత్రంలో తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలకు చెప్పిన 6.8 గుణకాన్ని వేస్తే గరిష్ఠ వరద 82 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) వస్తుంది. డికెన్స్ సూత్రంలో కోస్తా ఆంధ్రకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే 22 నుంచి 28 వరకు గుణకాల్లో పెద్దదాన్ని వేస్తే అదే చెరువుకు 462 క్యూమెక్కులు వస్తుంది. చెరువు ఒకటే, వాగు ఒకటే, వాన సంగతి రెండు సూత్రాల్లోనూ ఎక్కడా లేదు. జవాబులు మాత్రం ఒకదానికొకటి అయిదున్నర రెట్ల దూరంలో ఉన్నాయి. నిజాం రాజ్యంలో ఛీఫ్ ఇంజనీరుగా పనిచేసిన అలీ నవాజ్ జంగ్ దక్కను కోసం వేరే సూత్రం రూపొందించడానికి కారణం కూడా ఇటువంటి ఇబ్బందే అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది. వానను లెక్కలోకి తెచ్చి వరదను గంట గంటకూ గీసి చూపించే యూనిట్ హైడ్రోగ్రాఫ్ పద్ధతికి, దానిని కంప్యూటరు మీద నడిపే హెక్-హెచ్‌ఎంఎస్ అనే ప్రోగ్రాంకు నేను మళ్లింది ఈ విసుగుతోనే. చిన్న నీటిపారుదల పనుల డిజైన్లలో దానిని కొన్నేళ్లుగా వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇది అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగానికి చెందిన, కాలిఫోర్నియాలోని డేవిస్ పట్టణంలో ఉన్న హైడ్రొలాజిక్ ఇంజనీరింగ్ సెంటర్ తయారీ. ఆ కేంద్రం 1964లో మొదలైంది. 1960ల చివర్లో వచ్చిన హెక్-1 అనే పాత ప్రోగ్రాంకు వారసురాలిగా 1998లో హెచ్‌ఎంఎస్ తొలి విడుదల జరిగింది. 2005 చివర్లో వచ్చిన మూడో వెర్షన్‌తో దాని ముఖచిత్రం పూర్తిగా మారింది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో శ్రేణి. పైసా ఖర్చు లేదు, లైసెన్సు తాళాలు లేవు, ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. ఒక డిజైన్ ప్రోగ్రాం కొనాలంటే బడ్జెట్ మంజూరు కోసం ఫైలు నాలుగు బల్లలు దాటవలసిన కార్యాలయాల్లో ఇది చిన్న సుగుణం కాదు.

ప్రోగ్రాం లోపల పని నాలుగు భాగాలుగా సాగుతుంది. ఉపపరీవాహకాలు, వాగు పాయలు, సంగమాలు, జలాశయాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో చూపే బేసిన్ నమూనా ఒకటి. వాన ఎంత, ఏ క్రమంలో పడిందో చెప్పే వాతావరణ నమూనా రెండోది. లెక్క ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎన్ని నిమిషాల అంచెలతో సాగాలో నిర్ణయించే నియంత్రణ వివరాలు మూడోది. కొలిచిన వాన, కొలిచిన ప్రవాహం వంటి కాల శ్రేణులు నాలుగోది. ఈ నాలుగింటినీ జతపరిచి నడిపితే చివరకు ఒక్క గరిష్ఠ అంకె మాత్రమే కాదు, వరద ఎప్పుడు పుంజుకుంది, ఎప్పుడు శిఖరానికి చేరింది, ఎంతసేపు తగ్గింది అనేది వంపుగీతగా కనిపిస్తుంది. 2020 నాటి 4.4 వెర్షన్ నుంచి నేల ఎత్తుల పటం ఇస్తే పరీవాహక హద్దులను ప్రోగ్రామే గీసిపెడుతుంది. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటులో దొరికే కార్టోసాట్ ఉపగ్రహపు ఎత్తుల సమాచారంతో నేను ఈ పని చాలాసార్లు చేశాను. కొండ దిగువ వాగులకు హద్దులు చక్కగానే వస్తాయి. బల్లపరుపు నేలల్లో, రోడ్డు కట్టలు, కాలువ గట్లు నీటిని దారి మళ్లించే చోట్ల, అది గీసిన హద్దును టోపోషీటు (సర్వే శాఖ పటం) పక్కన పెట్టి దిద్దకుండా వాడవద్దు. డెల్టా ప్రాంతాల్లోనైతే దిద్దడం అనేది సున్నితమైన మాట. మళ్లీ గీయవలసి వస్తుంది.

ఇక అసలు విషయం యూనిట్ హైడ్రోగ్రాఫ్. 1932లో షెర్మన్ ప్రతిపాదించిన ఈ భావన వినడానికి చాలా సరళంగా ఉంటుంది: ఒక పరీవాహక ప్రాంతమంతటా ఒక గంటసేపు సమంగా ఒక సెంటీమీటరు నికర వర్షం, అంటే ఇంకిపోగా పారడానికి మిగిలిన వాన, పడితే వాగు దగ్గర వచ్చే ప్రవాహపు ఆకారం తెలిస్తే, రెండు సెంటీమీటర్లకు దానిని రెండింతలు చేసుకోవచ్చు, తరువాతి గంట వానకు ఒక గంట పక్కకు జరిపి కలుపుకోవచ్చు. నిజమైన వాగు ఇంత విధేయంగా నడవదు. పెద్ద వరదలో నీరు వేగంగా పారుతుంది, శిఖరం ముందుగానే వస్తుంది. అయినా ఒక హద్దులోపు, మరీ చిన్నవీ అయిదువేల చదరపు కిలోమీటర్లు మించినవీ కాని పరీవాహకాలకు, ఇంతకంటె పనికొచ్చే చేతి పనిముట్టు ఈ తొంభై ఏళ్లలో రాలేదు. హెచ్‌ఎంఎస్‌లో ఈ ఆకారాన్ని తెచ్చుకోవడానికి ఎస్‌సీఎస్ (అమెరికా నేల సంరక్షణ సంస్థ), స్నైడర్, క్లార్క్ పద్ధతులతో పాటు మన సొంత గ్రాఫును నేరుగా ఎక్కించే వీలు కూడా ఉంది. సొంత గ్రాఫును ఎక్కించే ఈ ఒక్క వీలు మన దేశపు ఇంజనీరుకు ఎంత విలువైనదో శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పరు. దాని సంగతికి తరువాత వస్తాను.

ముందుగా నా చెరువు. వాగు పొడవు 11 కిలోమీటర్లు, వాలు వెయ్యికి ఆరు. కిర్పిచ్ సూత్రం ప్రకారం కొసన పడిన చుక్క అలుగు దగ్గరకు రావడానికి పట్టే సమయం మూడు గంటలు; దానిలో అరవై శాతం, అంటే 108 నిమిషాలు, ఎస్‌సీఎస్ పద్ధతి అడిగే లాగ్ సమయం, అంటే నికర వర్షపు నడిమి నుంచి శిఖరం దాకా పట్టే వ్యవధి. లెక్క అంచె ఒక గంట అనుకుంటే యూనిట్ గ్రాఫు శిఖరం 2.3 గంటలకు వస్తుంది, దాని ఎత్తు సెంటీమీటరుకు 38 క్యూమెక్కులు. గంటకొక ఆర్డినేటు (గ్రాఫు ఎత్తు) చొప్పున త్రిభుజాకారంలో గీస్తే 16.5, 33, 31.1, 21.2, 11.3, 1.4 అని వస్తాయి. వీటి మొత్తం పరీవాహక విస్తీర్ణానికి 2.78 రెట్లు, అంటే 116.7కు దగ్గరగా ఉండాలి, 114.5 వచ్చింది కనుక పరవాలేదు. ఈ కూడిక చూడకుండా యూనిట్ గ్రాఫును ముందుకు పంపేవారిని చూస్తే, తూకం వేయకుండా సరుకు లారీకెత్తే వ్యాపారి గుర్తుకొస్తాడు. ఇప్పుడు నికర వర్షం నాలుగు గంటల్లో వరుసగా 1.2, 2.0, 4.0, 0.8 సెంటీమీటర్లు పడిందనుకుని పక్కకు జరిపి కూడితే శిఖరం నాలుగో గంటకు 233 క్యూమెక్కులు, మన వాడుకలో సుమారు 8,200 క్యూసెక్కులు. అదే ఎనిమిది సెంటీమీటర్లు గంటకు రెండు చొప్పున సమంగా పడితే శిఖరం 204. వాన మొత్తం ఒకటే అయినా, పడిన వరుసను బట్టే ముప్పై క్యూమెక్కుల తేడా వచ్చింది.

ఈ చేతిలెక్కను ప్రోగ్రాంకు పరీక్షగా పెట్టాను. నేను గీసిన త్రిభుజాన్నే సొంత గ్రాఫుగా ఎక్కించి, ఇంకుడు నష్టాలను సున్నా చేసి, అదే వాన ఇస్తే అదే 233 తిరిగొచ్చింది. ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు: మన గ్రాఫులు ఒక సెంటీమీటరు నికర వర్షానికి గీసినవి, మెట్రిక్ కొలతల్లో ప్రోగ్రాం ఒక మిల్లీమీటరుకు అడుగుతుంది, కనుక ఆర్డినేట్లన్నిటినీ పదితో భాగించి ఇవ్వాలి. త్రిభుజం మానేసి దాని సొంత ఎస్‌సీఎస్ వంపు ఆకారాన్ని వాడితే, శిఖరం దగ్గర ఆ వంపు త్రిభుజం కంటె నిండుగా ఉంటుంది కనుక, జవాబు 240 దాటింది. పదేళ్లుగా కాగితం మీద లెక్కలు వేసిన కళ్లకు ఈ సరిపోలిక ఇచ్చే ధీమా వేరు. కొత్తగా చేరినవారు కనీసం ఒక్కసారైనా ఈ పరీక్ష చేయనిదే ప్రోగ్రాం జవాబును నివేదికలో పెట్టకూడదని నా అభిప్రాయం.

అంచె నిడివి విషయంలో ప్రోగ్రాం నిక్కచ్చిగా ఉంటుంది. ఎస్‌సీఎస్ పద్ధతిలో అంచె లాగ్ సమయంలో 29 శాతం లోపే ఉండాలని దాని మార్గదర్శకాలు చెబుతాయి. నా చెరువుకు అది 31 నిమిషాలు. గంట అంచె పెడితే హెచ్చరిక సందేశం వస్తుంది. దానిని చదవకుండా మూసివేయడం చాలామందికి అలవాటు, ఒకప్పుడు నాకూ అలవాటే. పదిహేను నిమిషాలకు మార్చితే యూనిట్ గ్రాఫు శిఖరం 38 నుంచి 45కు పెరుగుతుంది. ఈ తేడా అంతా తప్పు కాదు, తక్కువ వ్యవధి వానకు గ్రాఫు సహజంగానే నిటారుగా ఉంటుంది. కానీ గంటకోసారి మాత్రమే చూసే లెక్క రెండు అంచెల మధ్య దాగిన శిఖరాన్ని దాటేసిపోతుంది. మరి పదిహేను నిమిషాల వాన ఎక్కడుంది? ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అభివృద్ధి ప్రణాళికా సంఘాల స్వయంచాలక వాతావరణ కేంద్రాల వల్ల ఇటీవలి ఏళ్లకు గంటవారీ వాన దొరుకుతోంది. అంతకు ముందటి తుపానులకు ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచిన రోజు మొత్తమే దిక్కు. దానిని ఏ వరుసలో పేర్చాలన్నది, పైన చూసినట్లు, మన చేతిలోనే ఉంటుంది.

నాకు అసలైన అసంతృప్తి ఇంకుడు నష్టాల దగ్గర ఉంది. నేల రకాన్నీ సాగునూ బట్టి ఎంత వాన పారుతుందో ఒక అంకెతో చెప్పే కర్వ్ నంబర్ పద్ధతిలో, పారడం మొదలవకముందే పోయే తొలి నష్టం గడిని ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాం తనంతట తానే నేల గరిష్ఠ నిల్వలో అయిదో వంతు తీసుకుంటుంది. అది అమెరికా నేలలకు చెప్పిన అలవాటు లెక్క. మన దేశానికి నల్లరేగడిలో నేల తడిసి ఉన్నప్పుడు పదో వంతు, మిగిలిన సందర్భాల్లో పదింట మూడు వంతులు అని వేరే సిఫారసు ఉన్నది. 180 మిల్లీమీటర్ల వానకు, కర్వ్ నంబర్ 80 అయినప్పుడు, అయిదో వంతుతో 121 మిల్లీమీటర్లు పారుతుంది, పదో వంతుతో 127, పదింట మూడుతో 115. ఈ తేడా భరించదగినదే. కానీ కర్వ్ నంబరునే 80 నుంచి 90కి మార్చితే 121 కాస్తా 150 అవుతుంది, దాదాపు నాలుగో వంతు పెరుగుదల. శిఖరమూ దాదాపు ఆ దామాషాలోనే లేస్తుంది. పట్టికలో ఒకే మాటకు, మెట్ట సాగుకు, నేల రకాన్ని బట్టి ఈ రెండు అంకెలకు దగ్గరగానే విలువలు దొరుకుతాయి. ఒకసారి నా దగ్గరకు పరిశీలనకు వచ్చిన ఒక నివేదికలో బేసిన్ నమూనా రంగురంగుల పటాలతో ఇరవై పుటలు ఉంది, కర్వ్ నంబరు ఎలా ఎంచారో ఒక్క వాక్యం లేదు. తొలి నష్టం గడి ఖాళీ. పరీవాహకం సగానికి పైగా నల్లరేగడి. అడిగితే ప్రోగ్రాం అలాగే తీసుకుందని జవాబు.

ఎస్‌సీఎస్ గ్రాఫు ఆకారం గురించీ ఇదే మాట. అందులో ఎనిమిదింట మూడు వంతుల నీరు శిఖరానికి ముందే వస్తుందన్నది స్థిరమైన ఊహ. అమెరికా కొలతల్లో దీనికి 484 అనే అంకె ప్రసిద్ధం. నిటారు కొండ వాగులకు ఇది 600 దాకా, చిత్తడి పల్లపు నేలలకు 300 దాకా మారుతుందని ఆ పద్ధతిని రూపొందించినవారే చెప్పారు. నా చెరువుకు 300 వేస్తే గంట గ్రాఫు శిఖరం 38 నుంచి 24కు దిగుతుంది. కొత్త వెర్షన్లలో ఈ అంకెను మార్చుకునే వీలు ఇవ్వడం మెచ్చుకోదగిన మార్పు. కొల్లేటి చుట్టుపక్కల పల్లాలకూ నల్లమల అంచు వాగులకూ ఒకే 484 వేసి కూర్చుంటే మాత్రం ఆ వీలు ఉన్నా లేనట్లే. స్నైడర్ పద్ధతిని ఎంచుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: స్నైడర్ గ్రాఫు మొత్తాన్నీ ఇవ్వడు, శిఖరాన్నీ సమయాన్నీ ఇస్తాడు, ప్రోగ్రాం ఆ రెండింటికీ సరిపోయే క్లార్క్ గ్రాఫును లోపల వెతికి, దానితోనే లెక్క నడుపుతుంది.

ఇక్కడే సొంత గ్రాఫు ఎక్కించే వీలు విలువ తెలుస్తుంది. 1959లో ఖోస్లా కమిటీ సూచన తరువాత కేంద్ర జల సంఘం, రైల్వే పరిశోధనా సంస్థ, వాతావరణ శాఖ, రవాణా మంత్రిత్వ శాఖ కలిసి దేశాన్ని ఏడు మండలాలు, 26 ఉపమండలాలుగా విభజించి, రైలు వంతెనల దగ్గర నిజంగా కొలిచిన వరదల నుంచి ఒక్కో ఉపమండలానికి కృత్రిమ యూనిట్ హైడ్రోగ్రాఫు సమీకరణాలు రాబట్టాయి. దిగువ గోదావరికి ఒకటి, కృష్ణా పెన్నా బేసిన్లకు ఒకటి, తూర్పు తీరానికి వేరే ఉన్నాయి. వాగు పొడవు, వాలు ఇస్తే శిఖర సమయం, శిఖరం, సగం ఎత్తులో వెడల్పు, ముప్పావు ఎత్తులో వెడల్పు, అడుగు వెడల్పు వస్తాయి. వాటితో గ్రాఫు గీసుకోవాలి. అమెరికా పొలాల నుంచి పుట్టిన 484 కంటె, మన వంతెనల కింద పారిన నీటి నుంచి పుట్టిన ఈ గ్రాఫుకే నా ఓటు. దానిని హెచ్‌ఎంఎస్‌లోకి ఎక్కించి, మిగిలిన పని దానికి వదిలేయడమే నేను చేసే ఏర్పాటు. ఒకే చెరువు, ఒకే అలుగు అయితే అసలు ప్రోగ్రాం కూడా అక్కరలేదు. ఉపమండల నివేదిక, ఒక లెక్కల షీటు చాలు, సాయంత్రానికి పని అయిపోతుంది.

ప్రోగ్రాం నిజంగా తన సత్తా చూపేది గొలుసుకట్టు చెరువుల దగ్గర. నా చెరువుకు పూర్తి నీటిమట్టం దగ్గర నీటి విస్తీర్ణం 1.2 చదరపు కిలోమీటర్లు, అలుగు 60 మీటర్లు. అలుగు మీద ఒక మీటరు ఎత్తు నీరు దాటితే 102 క్యూమెక్కులు పోతుంది. చేతిలెక్కలో వచ్చిన 233 మొత్తం ఆ మీటరు ఎత్తుతోనే అలుగు మీదుగా పోవాలని పట్టుబడితే అలుగును రెండింతలకు పైగా పొడిగించాలి. జలాశయం మూలకంలో ఈ వివరాలు ఇచ్చి, చెరువు నిండి ఉన్న స్థితి నుంచి వరదను నడిపితే, చెరువు తన కడుపులో కొంత నీటిని పట్టి ఉంచడం వల్ల అలుగు మీద గరిష్ఠ ప్రవాహం సుమారు 150 క్యూమెక్కులకు తగ్గి, శిఖరం రెండు గంటలు ఆలస్యంగా వస్తుంది. అయితే అలుగు మీద నీటి ఎత్తు 1.3 మీటర్లకు చేరుతుంది, కనుక కట్ట పైభాగం అందుకు తగ్గట్టు ఉందా లేదా అన్నది చూసుకోవాలి. దిగువ చెరువుకు వెళ్లేది ఈ 150, తన సొంత పరీవాహకపు వరదతో కలిసి. ఎగువ కట్ట తెగితే ఏమవుతుందో కూడా ఇందులోనే నడిపి చూడవచ్చు. 2021 నవంబరులో ఎగువన చెయ్యేరు ఉపనది మీది పింఛా, ఆ వెంటనే దిగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగిన తరువాత, గొలుసులో ప్రతి చెరువునూ విడివిడిగా లెక్కవేసే అలవాటుకు సమర్థన లేదు. ఎనిమిది చెరువుల గొలుసును చేత్తో వేయడానికి నాకు ఒకప్పుడు వారం పట్టేది. ఇప్పుడు నమూనా ఒకసారి కట్టుకున్నాక, ఒక కట్ట ఎత్తు మార్చి మళ్లీ నడపడానికి నిమిషం చాలు.

నేర్చుకోవడం మొదటి వారం కష్టమే. మెనూల్లో ఒకే సమాచారం మూడు చోట్ల అడిగినట్లుంటుంది, పొరపాటు సందేశాలు ఎక్కడ తప్పు జరిగిందో సూటిగా చెప్పవు, ఫలితాలు దాచే ఫైలు రకం ఆ సంస్థ సొంతం కనుక వేరే షీట్లలోకి తీసుకోవడానికి కొంత ప్రయాస తప్పదు. సహాయ గ్రంథాలు మాత్రం ఓపికగా, వివరంగా రాశారు. పద్ధతుల వెనుక ఉన్న సమీకరణాలను ఇంత తేటగా విప్పిచెప్పే ఉచిత పుస్తకం విద్యార్థికి మరొకటి దొరకడం కష్టం. అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి, ఖాళీ గడిని చప్పుడు చేయకుండా నింపేసే ఆ అలవాటుకు.

ఇందులో కొలిచిన వరదతో గుణకాలను సరిచూసే అంగం చక్కగా పనిచేస్తుంది, కానీ మన చిన్న వాగుల మీద కొలిచిన వరద ఎక్కడుంది? నా చెరువు అలుగుకు దిగువన అర కిలోమీటరులో ఒక పాత కల్వర్టు ఉంది. అక్కడి రైతు ఒకాయన, తన చిన్నతనంలో చెరువు పొంగిన ఏడాది నీరు ఇంతవరకు వచ్చిందని స్తంభం మీద చేయి పెట్టి చూపించాడు. టేపుతో కొలిచి, వాగు అడ్డకోత తీసి, వాగు ప్రవాహాన్ని లెక్కగట్టే మానింగ్ సూత్రంలో గరుకుదనం 0.035 వేస్తే 215 క్యూమెక్కులు వచ్చింది. వాగులో పెరిగిన తుమ్మ, సర్కారు ముళ్లను తలచుకుని 0.045 వేస్తే 167. అది అలుగు దాటి వచ్చిన నీరు కనుక పోల్చవలసింది 233తో కాదు, 150తో. ఆ రోజు చెరువులో ఎంత నీరుందో, కట్టకు గండి పడిందో లేదో ఆయనకు గుర్తు లేదు. నివేదికలో 150, 167, 215 అనే మూడు అంకెలనూ పక్కపక్కనే రాసి, కట్ట పైమట్టాన్ని అలుగు మీద 1.3 మీటర్ల నీటికి కాక, 167 క్యూమెక్కులు పారేటప్పటి 1.4 మీటర్లకు, దాని మీద విడిచిపెట్టే ఎత్తుతో సహా, ప్రతిపాదించాను.